ఐదో భాగంలో పదిహేనో తప్పు

మంగళవారం పొద్దున్న జూబ్లీహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్ బాగుచేయిస్తుంటే ఫోన్ మోగింది. చూస్తే మేడం నంబరు. ఆదివారం ఎన్నింటికి రావాలో అడగడానికి చేసి ఉంటారనుకున్నాను. ఎత్తితే ఆవిడ చెల్లెలి గొంతు వినపడింది.

"అక్క పోయింది బాబూ. పొద్దున్న కాఫీ కలిపి పిలిస్తే పలకలేదు."

"సార్, పవర్ ఇయ్యమంటరా?" అని మా మెకానిక్ లోపలినుంచి మూడుసార్లు అరిచాడట. నాకు వినపడలేదు.

మేడం అంటున్నాను గానీ ఆవిడ నాకు బళ్ళో చదువు చెప్పినావిడ కాదు. సినిమాల్లో కంటిన్యుటీ చూసేవారు. సినిమాలో మనకు రెండు నిమిషాలు కనపడే సన్నివేశాన్ని ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఒక్కోసారి నెలలు గడుస్తాయి. మొదటి ముక్కలో హీరో చొక్కా చేతులు ఎంతవరకు మడిచి ఉన్నాయో, గ్లాసులో టీ ఎంత ఉందో, గోడ గడియారం ఎంత చూపిస్తోందో, అవన్నీ చివరి ముక్కలోనూ అలాగే ఉండేట్టు చూడటం ఆవిడ పని. బాగా చేసినన్నాళ్ళూ అలాంటి పని ఒకటుందనే ఎవరికీ తెలియదు. ఎక్కడైనా తప్పు జరిగితే మాత్రం నాలాంటివాళ్ళు దొరకబుచ్చుకుంటారు.

నాలాంటివాళ్ళంటే ఎవరో కూడా చెప్పాలి. మేము ఐదుగురం బోరబండలో కలిసి పెరిగాం. బళ్ళో ఉండగా మొదలైన పిచ్చి ఒకటి మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. అదే ఆ గూఢచారి సినిమాల పిచ్చి. ఇరవై ఏళ్ళ పైబడి ఆరు భాగాలొచ్చాయి. పేరు రాయను, ఇందులో బతికున్నవాళ్ళ సంగతులున్నాయి. మా మహిపాల్ పెళ్ళయ్యాక శ్రీనగర్ కాలనీకి మారాడు. వాళ్ళ మేడమీద గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి, నెలకో ఆదివారం పొద్దున్న ఒక భాగం చూస్తాం. ఆరూ అయ్యాక ఎవరికి వాళ్ళం కాగితం మీద ఒకటి నుంచి ఆరు దాకా వరస రాస్తాం. తర్వాత కొట్టుకుంటాం. మళ్ళీ మొదటి భాగంతో మొదలుపెడతాం. "చూసిందే ఎన్నిసార్లు చూస్తర్రా, కథేమన్న మారుతదా?" అని మా అమ్మ నవ్వేది. మా కాగితాల్లో రెండో భాగం ఎప్పుడూ పైన ఉండేది. ఐదో భాగం అడుగున ఉండేది.

అందుకే రెండేళ్ళ కిందట నేనొక వీడియో చేశాను. ఐదో భాగంలో పధ్నాలుగు తప్పులు. హీరో ఎడమ చేతి కట్టు మెట్లు దిగేసరికి కుడి చేతికి మారుతుంది. కారు అద్దం పగిలి, మళ్ళీ బాగై, మళ్ళీ పగులుతుంది. కిటికీ బయట వాన, పక్క కిటికీ బయట ఎండ. ఒక్కో తప్పుకీ ఒక్కో జోకు వేశాను. చివర్లో సినిమా మొదట్లో పడే పేర్లను ఆపి, "కంటిన్యుటీ" అన్నచోట ఉన్న పేరు చుట్టూ ఎర్రగీత గీసి, వెనకాల పదిమంది పగలబడి నవ్వుతున్న శబ్దం పెట్టాను. ఆ పేరు వెనక ఒక మనిషి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

వీడియో బాగా తిరిగింది. మా ఆఫీసులో వాళ్ళకి కూడా ఎవరెవరో పంపించారు. కింద కామెంట్లలో ఫొటో లేని ఒకావిడ ఒకే ఒక్క వాక్యం రాశారు: "పదిహేనోది మీరు చూడలేదు." నాకు పౌరుషం వచ్చింది. ఆ రాత్రే కూర్చుని సినిమా మళ్ళీ చూశాను. దొరకలేదు. చెప్పమని రాస్తే, ఫిల్మ్‌నగర్‌లో ఫలానా టిఫిన్ సెంటర్‌కి రమ్మన్నారు.

నేను వెళ్ళేసరికే వచ్చి మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి. నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు.

"మీరేనా బాబూ, ఆ తప్పులు పట్టింది?"

"అవును మేడం. ఆ పదిహేనోది ఏంది? మళ్ళ చూసిన, దొరకలే."

"చెబుతా. కూర్చోండి. మీ వీడియో చివర ఎర్రగీత గీసి ఒక పేరు చూపించారు చూడండి, అది నాదే."

నేను కూర్చోబోతున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఆవిడ మాత్రం ఇడ్లీ చెప్పి, నా పధ్నాలుగు తప్పుల్నీ ఒక్కొక్కటే వరసగా చెప్పుకుంటూ పోయారు. నా వీడియో నాకంటే ఆవిడకే బాగా గుర్తుంది.

"చేతి కట్టు ఎడమ చేతికని నా పుస్తకంలో రాసి, బొమ్మ కూడా వేసుకున్నాను. హీరో గారు ఆ రోజు కుడి చేతికి కట్టించుకుని వచ్చారు. వెళ్ళి చెప్పాను. 'ఎవరు చూస్తారమ్మా, కానివ్వండి' అన్నారు. కారు అద్దం సంగతి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెబితే డైరెక్టరు గారు అందరి ముందూ కసిరారు. మీరు చెప్పిన పధ్నాలుగూ నేను చెప్పినవే. ఇన్నేళ్ళకి మీరు చూశారు."

ఆ చివరి మాట అన్నప్పుడు నవ్వారు. అది ఎలాంటి నవ్వో అప్పుడు నాకు తెలియలేదు.

"ఇయ్యాలనే డిలీట్ చేస్తా మేడం."

"వద్దు. తప్పులు తప్పులే కదా. నా పేరు దగ్గర ఆ నవ్వు ఒక్కటి తీసెయ్యండి."

ఆ సాయంత్రమే తీసేశాను. కానీ అప్పటికే నవ్వుతో ఉన్న వీడియోని ఎంతమంది ఎంతమందికి పంపుకున్నారో నా చేతిలో లేదు. పదిహేనోది మాత్రం ఆవిడ ఆ రోజు చెప్పలేదు. "మీరే వెతకండి" అన్నారు. సిగ్గు కప్పుకోవడానికో ఏమో, మా ఆదివారాల సంగతి చెప్పి, వీలైతే రమ్మన్నాను. వస్తారనుకోలేదు. మరుసటి నెల మహిపాల్ ఇంటి ముందు ఆటో దిగారు.

అలా రెండేళ్ళు వచ్చారు. సోఫాలో కూర్చోమంటే కూర్చునేవారు కాదు. తలుపు పక్కన వీపు నిటారుగా ఉండే కర్ర కుర్చీ ఆవిడది. సెట్లో కూడా ఎప్పుడూ అలాంటి కుర్చీలోనే కూర్చునేదాన్నని, మెత్తగా ఉంటే కళ్ళు సోమరవుతాయని చెప్పేవారు. మొదట్లో మేము సినిమా చూస్తూ డైలాగులు హీరోకంటే ముందే చెప్పేసేవాళ్ళం. ఆవిడ వచ్చాక నెమ్మదిగా నోళ్ళు మూతపడ్డాయి. ఆవిడ వద్దని కాదు, చూడటానికి ఇంకేవో కనపడటం మొదలైంది. రెండో భాగంలో ఒక హోటల్ సన్నివేశం ఉంది. హీరో, విలన్ టీ తాగుతూ మాట్లాడుకుంటారు. ఇద్దరి గ్లాసుల్లోనూ టీ మాట మాటకీ కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. మేము ముప్ఫైసార్లు చూసి ఉంటాం, ఒక్కసారీ గమనించలేదు. "అది రెండు రోజులు తీశాం. గ్లాసుల మీద మైనప్పెన్సిలుతో గీతలు పెట్టుకున్నా" అన్నారు. మా వాళ్ళు ఆవిడ కోసం ఆ ముక్కని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశారు. ఆవిడ చూడలేదు. మా ముఖాలు చూస్తూ కూర్చున్నారు.

అదే చూపు మా మీదా ఉండేది. ఒక ఆదివారం లోపలికి వస్తూనే మహిపాల్‌ని అడిగారు.

"పోయిన నెల వాచీ ఎడమ చేతికుంది. ఇవాళ కుడికి మారింది. ఏమైంది నాయనా?"

మహిపాల్ ముందు ఏం లేదన్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. బండి మీంచి పడి వారమైంది, ఇంట్లో తిడతారని చెప్పలేదు. మణికట్టు వాచి ఉంది. ఆ రోజు సినిమా సగంలో ఆపించి వాణ్ణి బంజారా హిల్స్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి పంపించారు. "తప్పు ఎవరికీ కనపడదురా. మారినది కనపడుతుంది. నిన్న ఎలా ఉందో గుర్తుంటేనే మారిందని తెలుస్తుంది" అని అప్పుడే అన్నారు. మాకు "మీరు" నుంచి "రా" లోకి ఎప్పుడు దిగారో గుర్తులేదు.

ఐదో భాగం వంతు వచ్చింది. పదిహేనోది ఎలాగైనా పట్టాలని అందరం పెన్నులు పట్టుకుని కూర్చున్నాం. అందులో ఒక సన్నివేశం మాకు ఎప్పుడూ మాటల్లేకుండా చేసేది. సరిహద్దు ఊళ్ళో హీరోని దాచిన ముసలావిడకి, ఆవిడ కొడుకు చనిపోయాడని హీరోనే చెప్పాల్సి వస్తుంది. మొత్తం సినిమాలో అదొక్కటే బాగుందని మేమే ఒప్పుకునేవాళ్ళం. ఆ రోజూ అది వచ్చేసరికి పెన్నులు ఆగిపోయాయి. మహిపాల్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఆపు. ఇక్కడే" అన్నారు మేడం.

వెనక్కి తిప్పాం. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని ఉంది. కొడుకు మాట విన్నప్పుడు దగ్గరి షాట్‌లో కళ్ళజోడు లేదు. వెంటనే దూరపు షాట్‌లో మళ్ళీ ఉంది. అంత పెద్ద తప్పు, కంట్లో గుచ్చుకునేట్టు కనపడుతోంది. ఇన్నేళ్ళలో ఒక్కరమూ చూడలేదు.

"ఇది కూడా మీరు చెప్తే వినలేదా మేడం?" అన్నాను.

"ఇది నేను చెప్పలేదు."

ఆ సంగతి ఆవిడే చెప్పారు.

"ఆ నటికి సొంత కొడుకు పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆ ఏడుపు నటన కాదని సెట్లో అందరికీ తెలుసు. ఏడుస్తూ ఏడుస్తూ తెలీకుండానే కళ్ళజోడు తీసేసింది. కట్ చెప్పగానే డైరెక్టరు గారు నా వైపు తిరిగి, అన్నీ సరిపోయాయా అని అడిగారు. ఆ సినిమా మొత్తంలో నన్నడిగింది అదొక్కసారే. తప్పుందంటే ఆవిణ్ణి మళ్ళీ ఏడవమంటారు. సరిపోయాయి సార్ అన్నాను." ఇంకోసారి తెర వంక చూసి, "ఆ పధ్నాలుగూ నావి కావురా. ఇది నాది" అన్నారు.

ఆ విడత మా వరసల్లో ఐదో భాగం మొదటిసారి అడుగునుంచి పైకి లేచింది. ఆవిడ అప్పటిదాకా వరస రాసేవారు కాదు, మొదటి ఐదూ నేను మోసినవే, ఏది బరువో చెప్పలేను అని తప్పించుకునేవారు. ఆసారి మాత్రం కాగితం అడిగి తీసుకుని ఒకే ఒక అంకె రాసి మడిచి ఇచ్చారు. ఐదు.

ఇక నేను చెప్పుకోలేని సంగతికి వస్తాను. చివరి ఆర్నెల్లూ ఆవిణ్ణి ఇంటిదాకా నేనే దిగబెట్టేవాణ్ణి. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళ సందు ఎత్తుగా ఉంటుంది, బండి పోదు, నడవాలి. ఒకప్పుడు నాకంటే ముందు ఎక్కేవారు. తర్వాత మధ్యలో ఆగి, ఏదో దుకాణంలో వస్తువులు చూస్తున్నట్టు నిలబడేవారు. మొదట ఒకసారి ఆగేవారు, తర్వాత రెండుసార్లు. చూస్తున్నారు కాబోలు అని నేనూ పక్కన నిలబడి ఫోన్ చూసుకునేవాణ్ణి. ఆవిడ ఊపిరి అందక ఆగుతున్నారని, గుండె అప్పటికే బలహీనపడిందని పోయాకగాని తెలియలేదు. మహిపాల్ వాచీ చేయి మారితే ఆవిడ చూశారు. రెండేళ్ళు ఆవిడ దగ్గర చూడటం నేర్చుకున్నానని చెప్పుకున్న నేను, నా పక్కనే నడుస్తున్న మనిషిలో మారినదాన్ని చూడలేకపోయాను.

పదకొండో రోజున నేనూ మహిపాల్ వాళ్ళింటికి వెళ్ళాం. రెండు గదుల వాటా. చెల్లెలు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. మహిపాల్ మాట కలపడానికన్నట్టు, ఏడో భాగం షూటింగ్ మొదలైందట, మేడం ఉంటే ఎన్ని కబుర్లు చెప్పేవారో అన్నాడు. ఆవిడ నా వైపు చూశారు.

"దానిక్కూడా పిలిచారు బాబూ. నీకు తెలీదా?"

నాకు తెలియదు.

"పాతవాళ్ళు కావాలని ఆ ఆఫీసు నుంచి కబురు చేశారు. ఆరో దానికే పిలవలేదు దాన్ని, ఎనిమిదేళ్ళయింది పనిలేక. ఎంత సంబరపడిందో! పెన్సిళ్ళన్నీ చెక్కి పెట్టుకుంది. సెట్లో రోజంతా నిలబడాలని మెత్తటి చెప్పులు కొనుక్కుంది. ఇంతలో ఎవరో నీ వీడియో ఆఫీసులో అందరికీ వేసి చూపించారట. 'ఈవిడనేనా తీసుకుంటోంది' అని నవ్వారట. ఫోన్ చేసి, మళ్ళీ చెబుతాం మేడం అన్నారు. మళ్ళీ చెప్పలేదు."

"ఎప్పుడండీ?" అన్నాను.

"నిన్ను టిఫిన్‌కి రమ్మందే, దాని ముందురోజు."

మహిపాల్ తల దించుకున్నాడు. నేను ఆ బల్ల, ఆ ఇడ్లీ, ఆ నవ్వు గుర్తుచేసుకుంటున్నాను.

"వెళ్ళి నాలుగు దులిపి రమ్మన్నాను నేను" అన్నారావిడ. "వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, 'కుర్రాడు బాగా చూస్తాడే' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైనా చెబుతానంటే ఒట్టు పెట్టింది. చెబితే సిగ్గుపడి ఇంక పిలవడంది. ఆ ఆదివారాలంటే దానికంత ఇష్టం. అది క్షమించిందేమో నాకు తెలీదు బాబూ. నేను మాత్రం క్షమించలేదు. నీకది తెలియాలనే చెబుతున్నాను."

నేను చేతులు జోడించి లేచాను. సందు దిగుతూ మహిపాల్, "నీ ఒక్కనిదేనా తప్పు? మేమందరం నవ్వినం గదరా" అన్నాడు. వాడు నన్ను ఓదార్చడానికే అన్నాడు. కానీ అందరం పంచుకున్నా నా వాటా ఏమీ తగ్గలేదు.

ఆవిడ నా దగ్గరికి ఎందుకు వచ్చారన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. జీవితమంతా ఎవరు చూస్తారులే అన్న మాట విన్న మనిషికి, చూసినవాడు ఒకడు దొరికాడన్న సంతోషమా? ఆ చూసినవాడే తన పనికి అడ్డుపడ్డాడన్న బాధ ఆ సంతోషంలో ఎక్కడ దాచుకున్నారు? రెండేళ్ళలో ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే నాకు నిలబడటానికి కాస్త చోటుండేది.

ఆ పధ్నాలుగు తప్పులూ ఆవిడవి కావని, ఆవిడ చెప్పినా వినలేదని ఇంకో వీడియో చేసి పెట్టాను. జోకులు లేవు, నవ్వులు లేవు. మొదటిదాన్ని చూసినవాళ్ళలో చాలామంది దీన్ని చూడలేదు, చూడరు కూడా. మొదటిదాన్ని తీసేశాను. అయినా మొన్న మా లిఫ్టుల ఆఫీసులో కొత్తగా చేరిన అతను, "సార్, ఇది చూడండి, మస్తుంటది" అంటూ దాన్నే నాకు పంపించాడు. అందులో ఆ నవ్వు ఇంకా ఉంది.

ఇది రాసేముందు చెల్లెలిగారిని అడిగాను. "రాయి. దాన్ని దేవతని మాత్రం చెయ్యకు. పని పోయిన రోజు అది రాత్రంతా ఏడ్చింది. అది కూడా రాయి" అన్నారు. రాశాను.

ఆవిడ గురించి ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది సినిమా సంగతి కాదు. పోయిన చలికాలం ఒక ఆదివారం జూబ్లీహిల్స్‌లో నడుస్తున్నాం. ఒక పెద్ద బంగళాలో షూటింగ్ జరుగుతోంది. గేటు బయట టీ బండి దగ్గర పోలీసు వేషాల్లో జూనియర్ ఆర్టిస్టులు నిలబడి ఉన్నారు. వాళ్ళలో నడివయసు మనిషి ఒకాయన పైగుండీ విప్పుకుని టీ తాగుతున్నాడు. ఆవిడ ఆగారు.

"షాట్ అయిపోయిందా తమ్ముడూ?"

"లేదమ్మా, సగంల ఉన్నది. జర బ్రేక్ ఇచ్చిండ్రు."

"లోపల ఆ గుండీ పెట్టుకునే ఉన్నావా?"

అతను ఆలోచించాడు. గుండీ తడుముకుని నాలుక కరుచుకున్నాడు. ఒక చేతిలో పొగలు కక్కే టీ, ఇంకో చేతిలో లాఠీ. ఆవిడ చెయ్యి చాచారు. అతను ఆవిడెవరో ఏమీ అడక్కుండా గ్లాసు అందించి, లాఠీ చంకలో పెట్టుకుని, గడ్డం పైకెత్తి గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కాజా బిగుతుగా ఉన్నట్టుంది, చాలాసేపు పట్టింది. మేడం ఆ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క తొణకకుండా, అతని మెడ వంకే చూస్తూ ఎండలో నిలబడ్డారు.